ఊరి మైదానాలు – 9: హెక్టర్ మేఘం కింద ఫైనల్స్

వానాకాలంలో డార్విన్ ఒడ్డున నిలబడి ఉత్తరానికి చూస్తే, మధ్యాహ్నం పూట సముద్రం అవతల ఒక మేఘం లేస్తూ కనిపిస్తుంది. రోజూ దాదాపు అదే చోట, దాదాపు అదే వేళకి. ముందు దూదిపింజలా తెల్లగా ఉంటుంది. చూస్తుండగానే నల్లబడి, 20 కిలోమీటర్ల ఎత్తు దాకా పెరిగి, ఉరుములతో కురిసి, చీకటి పడేసరికి మాయమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ దారిన ఎగిరిన విమాన చోదకులు దానికి హెక్టర్ అని పేరు పెట్టి, దాన్ని చూసి దారి గుర్తుపట్టేవారు. వాతావరణ శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఆ పేరే వాడుతున్నారు. అటు ఇటు నుంచి వచ్చే సముద్రపు గాలులు నేల మీద ఢీకొన్నప్పుడు పుట్టే మేఘం అది. అంటే ఆ మేఘం ఉందంటే దాని కింద నేల ఉన్నట్టే.

ఆ నేల రెండు దీవులు. పడమట బాథర్స్ట్, తూర్పున మెల్విల్, మధ్యలో నదిలా సన్నగా ఆప్స్‌లీ జలసంధి. డార్విన్‌కు 80 కిలోమీటర్ల దూరం. మెల్విల్ చిన్నదేమీ కాదు, ఆస్ట్రేలియాలో టాస్మానియా తర్వాత అంతటి దీవి మరొకటి లేదు. కానీ రెండు దీవుల్లో కలిపి ఉండేది రెండున్నర వేలకు కాస్త అటూ ఇటూ జనం. మన దగ్గరైతే ఒక్క పంచాయతీకి సరిపోయేంత. వాళ్లు తమను తివి అని పిలుచుకుంటారు, వాళ్ల భాషలో మనుషులు అని ఆ మాటకు అర్థం. ఇంతమందికే సొంతంగా ఒక ఫుట్‌బాల్ లీగు ఉంది. ఇమాలు టైగర్స్, టపాలింగ సూపర్‌స్టార్స్, టుయు బఫెలోస్, ములువురి మాగ్‌పైస్, పుమరాలి థండర్, రంకు ఈగిల్స్, వలమా బుల్‌డాగ్స్ లాంటి పేర్లతో జట్లున్నాయి. ప్రతి ముగ్గురిలో ఒకరు ఆడేవారే అని అక్కడ చెప్పుకుంటారు. ఫిబ్రవరి దాటుతోందంటే పడవ రేవులో, కొట్టు అరుగు మీద, చర్చి మెట్ల దగ్గర ఒకటే మాట: ఈసారి ఫైనల్స్‌కి మిగిలేదెవరు?

ఈ ధారావాహికలో ఇప్పటిదాకా మెల్‌బోర్న్ చుట్టుపక్కలే తిరిగాం. 1859 మే నెలలో అక్కడ కొందరు కూర్చుని ఈ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆటకు నియమాలు రాసుకున్న ఘట్టం చూశాం. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారి కోసం మళ్లీ క్లుప్తంగా చెబుతాను. కోడిగుడ్డు ఆకారపు బంతి, అదే ఆకారంలో పెద్ద మైదానం, జట్టుకు 18 మంది. మైదానం రెండు చివరలా నాలుగేసి గుంజలుంటాయి. కాలితో తన్నిన బంతి మధ్య రెండు గుంజల నడుమ నుంచి పోతే 6 పాయింట్లు, పక్క సందులోంచి పోతే 1. పదిహేను మీటర్లకు తగ్గకుండా ఎగిరొచ్చిన బంతిని గాలిలో పట్టినవాణ్ని ఎవరూ ముట్టకూడదు, వాడు తీరిగ్గా గురిచూసి తన్నుకోవచ్చు. ఆ పట్టుకోసం ఎదుటివాడి భుజాల మీదికి ఎగిరి నిలబడేవాళ్లూ ఉన్నారు. తివి కుర్రాళ్లు ఎక్కువ పేరు తెచ్చుకున్నది మాత్రం నేల మీది ఆటలో. జారే బంతిని వంగి ఒక్క చేత్తో తీసి, చుట్టూ ముగ్గురున్నా నడుం ఒక్క విసురు విసిరి బయటపడే పద్ధతి వాళ్లది.

దక్షిణాన ఈ ఆట చలికాలపు ఆట. మార్చి ఆఖరుకు మొదలై సెప్టెంబరులో ఫైనల్స్‌తో ముగుస్తుంది. ఉత్తరాన క్యాలెండర్ తలకిందులు. అక్టోబరులో మొదలు, మార్చిలో ఫైనల్స్. కారణం నేల. ఏప్రిల్ తర్వాత ఆ ప్రాంతంలో ఆరు నెలలు చినుకు ఉండదు, నేల బండబారిపోతుంది. దాని మీద పడితే మోకాలి చిప్పలు మిగలవు. వానలు పడ్డాకే పచ్చిక మెత్తబడి మనిషి పడి లేవడానికి వీలవుతుంది. తివి వాళ్లు ఏడాదిని మూడు కాలాలుగా లెక్కిస్తారు. కుమునుపునారి అంటే అడవికి నిప్పుపెట్టి పొగలు రేగే ఎండు కాలం, తియారి అంటే చెమటలు పట్టించే ఉక్కపోత, జముతకారి అంటే వాన. తియారిలో సాధన మొదలవుతుంది, జముతకారిలో లీగు నడుస్తుంది. పూర్వం వట్టి కాళ్లతోనే ఆడేవారు. బూట్లు వచ్చాక కూడా వాటిని విప్పి గట్టున పెట్టి దిగేవాళ్లు ఉన్నారు. బురద నేలలో వేళ్లకు దొరికే పట్టు ఏ బూటుకు దొరుకుతుంది!

బంతి ఈ దీవులకు ఎలా చేరిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. బ్రిటిషువాళ్లు 1824లో మెల్విల్ దీవిలో డండస్ కోట కట్టారు. ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో వాళ్ల మొదటి స్థావరం అది. తివి వాళ్లు దాన్ని నిలవనివ్వలేదు. వాళ్ల ఈటెలు, జ్వరాలు, తిండి కొరత కలిసి 1829లో కోటను ఖాళీ చేయించాయి. ఆ తర్వాత దాదాపు ఎనభై ఏళ్లకు, 1911లో, ఫ్రాన్సిస్ జేవియర్ గ్సెల్ అనే కేథలిక్ మతగురువు బాథర్స్ట్ దీవి ఆగ్నేయ మూలన మిషన్ పెట్టాడు. ఈసారి వచ్చినవాళ్లు ఉండిపోయారు. బడి వచ్చింది, ప్రార్థన వచ్చింది, పాత పెళ్లి కట్టుబాట్లలోకి మిషన్ చెయ్యి చొరబడింది. మేలూ కీడూ విడదీయరానంతగా పెనవేసుకున్న చరిత్ర అది. 1940ల మొదట్లో మెల్విల్ దీవిలో గార్డెన్ పాయింట్ దగ్గర మరో మిషన్ తెరిచారు. మిశ్రమ సంతానం అన్న ఒక్క కారణంతో ప్రభుత్వం తల్లుల ఒడిలోంచి లాక్కొచ్చిన పిల్లల్ని అక్కడ పెంచారు. ఆ పిల్లల్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వాళ్ల దగ్గరికి వస్తాం.

1941లో జాన్ పై, ఆండీ హౌలీ అనే ఇద్దరు మిషనరీలు బాథర్స్ట్ దీవిలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టారు. బ్రదర్ పై ఆ తర్వాత దశాబ్దాల తరబడి దీవుల్లోనే ఉండిపోయాడు. ఆట వచ్చింది మిషన్ చేతుల మీదుగానే, అది దాచాల్సిన సంగతి కాదు. అయితే వచ్చినదాన్ని తివి వాళ్లు ఎంత త్వరగా తమ ఒంటికి, తమ చుట్టరికాలకు, తమ వానలకు సరిపడేలా మలుచుకున్నారన్నదే నాకు అసలు చరిత్రగా కనిపిస్తుంది. ఈటె విసిరి చేపను కొట్టే కన్ను, మడ అడవిలో బురద దాటే కాలు అక్కడ అప్పటికే ఉన్నాయి. కొత్తగా చేరింది బంతి ఒక్కటే.

ఆట మొదలైన మరుసటి ఏడాదే యుద్ధం నెత్తిన పడింది. 1942 ఫిబ్రవరి 19 ఉదయం జపాన్ విమానాలు గుంపుగా బాథర్స్ట్ దీవి మీదుగా దక్షిణానికి వెళ్లాయి. మిషన్‌లో ఉన్న ఫాదర్ జాన్ మెక్‌గ్రాత్ వాటిని చూసి రేడియోలో డార్విన్‌ను హెచ్చరించాడు. అప్పటికి సమయం సుమారు 9 గంటల 35 నిమిషాలు. అవి తిరిగొస్తున్న అమెరికన్ విమానాలై ఉంటాయని డార్విన్‌లో అనుకున్నారు. పది గంటలు కొట్టేలోపే బాంబులు పడ్డాయి. ఆ దాడిలో పాల్గొన్న ఒక జపాన్ విమానం దెబ్బతిని మెల్విల్ దీవిలో కూలింది. దాని చోదకుణ్ని మథియాస్ ఉలుంగురా అనే తివి యువకుడు అడవిలో పట్టుకున్నాడు. ఆస్ట్రేలియా గడ్డ మీద పట్టుబడిన తొలి జపాన్ యుద్ధఖైదీ అతనే. యుద్ధం సాగినన్నాళ్లూ తివి మగవాళ్లు సరైన జీతమైనా లేకుండా తీరం కాపలా కాశారు.

యుద్ధం ముగిశాక వాళ్లలో చాలామంది పనుల కోసం డార్విన్‌కు రావడం మొదలైంది. అక్కడ 1916–17 నుంచి ఒక లీగు నడుస్తోంది. దాని చరిత్రలో నలుపు పుట ఒకటుంది. 1920ల రెండో సగంలో కొంతకాలం రంగును బట్టి మనుషుల్ని ఆట నుంచి వెలివేశారు. ఆ జ్ఞాపకం ఇంకా ఆరని ఊళ్లో 1952లో సెయింట్ మేరీస్ క్లబ్ పుట్టింది. డార్విన్‌లో సైన్యం దగ్గర, ఇతర చోట్ల పనిచేస్తున్న తివి మగవాళ్లు ఆడుకోవడానికే దాన్ని పెట్టారు. తర్వాతి కాలంలో గాయకుడిగా, నార్తర్న్ టెరిటరీ పాలకుడిగా పేరుపొందిన టెడ్ ఈగన్ దాని స్థాపకుల్లో ఒకరు. మూడో ఏడాదికే, 1954–55లో, ఆ క్లబ్ కప్పు గెలిచింది. ఇవాళ ఆ లీగులో అన్నిటికంటే ఎక్కువ కప్పులు గెలిచింది అదే.

సెయింట్ మేరీస్ నుంచి మొదట దక్షిణానికి వెళ్లినవాడు డేవిడ్ కాంటిల్లా. 1961లో అడిలైడ్ చేరి సౌత్ అడిలైడ్ క్లబ్‌లో ఆడాడు. వరసగా 1961లోనూ 1962లోనూ క్లబ్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. ఆ మాటను అప్పటి చట్టం పక్కన పెట్టి చదవాలి. నార్తర్న్ టెరిటరీలో ఆదివాసులు అప్పటికి వార్డులు, అంటే ప్రభుత్వ సంరక్షణలో ఉన్న మైనర్లలాంటివాళ్లు. ఎక్కడ ఉండాలో, ఎవర్ని పెళ్లాడాలో కూడా అధికారి అనుమతి మీద ఆధారపడే రోజులు. ఆ చట్టం 1964లో పోయింది. అదే 1964లో, అంతకుముందు ఏడాది అట్టడుగున నిలిచిన సౌత్ అడిలైడ్ ఏకంగా కప్పు ఎత్తింది. ఆ జట్టు మధ్యలో బంతి కోసం అందరికంటే పైకి లేచినవాడు కాంటిల్లా. 1978లో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

ఇక్కడ ఒక్క మాట. పోయినవారి పేరు కొన్నాళ్లపాటు పలకకపోవడం తివి వాళ్ల ఆచారం. పుకుమాని కర్మకాండ జరిపి, చెక్కి రంగులద్దిన స్తంభాలు నాటేదాకా ఆ మౌనం కుటుంబం చుట్టూ ఉంటుంది. ఈ వ్యాసంలో పేర్లు రాయక తప్పడం లేదు. ఆ మౌనాన్ని తలుచుకునే రాస్తున్నాను.

1969లో దీవుల్లోనే లీగు ఏర్పడింది. అంతకుముందు మంచి ఆట చూడాలన్నా ఆడాలన్నా జలసంధి దాటి, సముద్రం దాటి డార్విన్ వెళ్లాలి. ఇప్పుడు ఆటే ఇంటికొచ్చింది. రెండున్నర వేల మంది, అరడజనుకు పైగా జట్లు అంటే లెక్క మీరే వేసుకోవచ్చు. మేనమామ ఒక జట్టులో, మేనల్లుడు ఇంకో జట్టులో తేలతారు. తివి సమాజంలో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. సూర్యుడు, రాయి, మొగలి జాతి చెట్టు, కొయ్యంగ లాంటి చేప అంటూ నాలుగు పెద్ద శాఖలున్నాయి, ఎవరు ఎవర్ని పెళ్లాడవచ్చో అవే చెబుతాయి. శనివారం మైదానంలో భుజాలు రాసుకున్నవాళ్లు ఆదివారం ఒకే చావింట్లో పక్కపక్కన కూర్చోవాలి. అందుకే ఫైనల్స్ దగ్గరపడ్డప్పుడు ఊళ్లో వచ్చే ఉద్రిక్తత మెల్‌బోర్న్ ఉద్రిక్తత లాంటిది కాదు. అక్కడ ఓడిపోతే ఇంటికెళ్లి తలుపేసుకోవచ్చు. ఇక్కడ ఆ తలుపు లోపల గెలిచినవాడే ఉంటాడు.

ఫైనల్స్ అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా స్థానిక లీగుల్లో పట్టికలో మొదటి స్థానం వస్తే కప్పు రాదు, హక్కు మాత్రమే వస్తుంది. 1931లో విక్టోరియా లీగు ఒక పద్ధతి మొదలుపెట్టింది, దాన్ని పేజ్–మెకింటైర్ పద్ధతి అంటారు. మొదటి నాలుగు జట్లలో ఒకటి, రెండు స్థానాల వాళ్లు తమలో తాము ఆడతారు. గెలిచినవాళ్లు నేరుగా గ్రాండ్ ఫైనల్‌కి. ఓడినవాళ్లకు ఇంకో అవకాశం. మూడు, నాలుగు స్థానాల వాళ్లలో ఓడినవాళ్లు ఇంటికే. గెలిచినవాళ్లు ఆ రెండో అవకాశం దొరికిన జట్టుతో తలపడతారు. అక్కడ నెగ్గినవాళ్లు గ్రాండ్ ఫైనల్ చేరతారు. మొదటి ఏడాదే దీని సొగసు తెలిసింది. పట్టికలో మొదట నిలిచిన జీలాంగ్ తన సెమీఫైనల్లో రిచ్‌మండ్ చేతిలో ఓడింది, రెండో అవకాశంతో తిరిగొచ్చి అదే రిచ్‌మండ్‌ను గ్రాండ్ ఫైనల్లో ఓడించింది.

ఇది ఎక్కడో విన్నట్టుందా? 2011 నుంచి మన ఐపీఎల్‌లో క్వాలిఫయర్, ఎలిమినేటర్ అని చూస్తున్నది ఈ పద్ధతినే. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్ మూడో స్థానంలో నిలిచి, ఎలిమినేటర్‌లో కోల్‌కతాను, రెండో క్వాలిఫయర్‌లో గుజరాత్‌ను, ఫైనల్లో బెంగళూరును వాళ్ల మైదానంలోనే 8 పరుగుల తేడాతో ఓడించింది. ఎలిమినేటర్ గుమ్మం నుంచి బయల్దేరి కప్పు ఎత్తిన తొలి జట్టు అది. ఆ రాత్రి హైదరాబాద్ వీధుల్లో అరిచినవాళ్లకు, ఆస్ట్రేలియా పల్లెటూళ్ల రైతులకు తరతరాలుగా తెలిసిన ఉత్కంఠ అదేనని తెలిసి ఉండదు.

మళ్లీ దీవులకు వద్దాం. 1982 సెప్టెంబరు. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో లక్షకు పైగా జనం. కార్ల్‌టన్ 18 పాయింట్లతో రిచ్‌మండ్‌ను ఓడించింది. కానీ ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం ఓడిన జట్టువాడికి దక్కింది, అలా జరగడం అదే మొదటిసారి. అతని పేరు మారిస్ రియోలి, పుట్టింది 1957లో మెల్విల్ దీవిలో. ఆ పతకం అందుకున్న తొలి ఆదివాసి కూడా అతనే. ఆట మానేశాక ఇంటికి తిరిగొచ్చి, 1992 నుంచి 2001 దాకా అరాఫురా నియోజకవర్గం నుంచి శాసనసభ్యుడిగా పనిచేశాడు. 2010 క్రిస్మస్ రోజున కన్నుమూశాడు.

ఇందాక గార్డెన్ పాయింట్ పిల్లల్ని గుర్తుపెట్టుకోమన్నాను. అలా దీవికి తరలించబడిన ఇద్దరు పిల్లలు పెద్దయి పెళ్లాడారు. వాళ్ల కొడుకు మైకేల్ లాంగ్. 1993 గ్రాండ్ ఫైనల్లో ఎసెండన్ తరఫున కార్ల్‌టన్ రక్షణను చీల్చుకుంటూ పరిగెత్తి, నార్మ్ స్మిత్ పతకం అందుకున్నాడు. ఆ రోజు అతని మెడలో పతకం వేసినవాడు మారిస్ రియోలి. ఆ ఫోటో ముందు నేను చాలాసేపు ఆగిపోయాను. తల్లుల నుంచి పిల్లల్ని విడదీసిన విధానం తలపెట్టింది వాళ్లెవరో వాళ్లకే తెలియకుండా చెరిపేయడం. అది ఓడిపోయిన రోజుల్లో ఇదొకటి. రెండేళ్లకు, 1995లో, మైదానంలో జాతి పేరుతో తిట్టినదాన్ని లాంగ్ మౌనంగా మింగలేదు. ఆ ఏడాదే లీగు జాతి దూషణకు వ్యతిరేకంగా నియమం తెచ్చింది. 2015లో మూడో పతకం కూడా ఆ ఇంటికే వచ్చింది. అందుకున్నవాడు హాథార్న్ జట్టువాడైన సిరిల్ రియోలి. మారిస్‌కు సోదరుడి కొడుకు, లాంగ్‌కు మేనల్లుడు. నాలుగు కప్పులు గెలిచిన సిరిల్ 2018లో, ఇంకా 29 నిండకుండానే, ఆట వదిలి ఉత్తరానికి, తన వాళ్ల దగ్గరికి వచ్చేశాడు.

ఈ పేర్లన్నీ చెప్పాక, దీవుల లీగును పెద్ద లీగులకు మొలకలు పెంచే నారుమడిగా చూపడం రచయితలకు అలవాటు. నాకది నచ్చదు. నారుమడిలో మొక్క పీకి వేరేచోట నాటాక మడి ఖాళీ. ఇక్కడ మడే పొలం. దక్షిణానికి వెళ్లినవాళ్లు పదుల్లో ఉంటారు. వెళ్లనివాళ్లు, వెళ్లి చలికీ ఒంటరితనానికీ తట్టుకోలేక నెల తిరక్కుండా వచ్చినవాళ్లు వందల్లో. వాళ్లు ఓడిపోయినవాళ్లు కారు. మార్చిలో తమ అమ్మమ్మల ముందు ఆడేవాళ్లు. 2000ల మొదట్లో యువకుల ఆత్మహత్యలు ఈ దీవుల్ని కుదిపేశాయి. ఆ ఏళ్లలో ఊరిని పట్టి నిలిపినవాటిలో పెద్దల కాపలా ఉంది, ఆడవాళ్ల పట్టుదల ఉంది, శనివారం ఆట ఉంది. 2006లో దీవుల నుంచి తివి బాంబర్స్ పేరుతో ఒక జట్టు డార్విన్ లీగులో అడుగుపెట్టింది. 2011–12లో కప్పు గెలిచింది. ఒకప్పుడు రంగును బట్టి గేటు మూసిన లీగు అది.

జముతకారి ముగింపుకు వస్తున్నప్పుడు చందమామ చుట్టూ బంగారు వలయం కడుతుంది. మనవాళ్లు దాన్ని వరదగుడి అంటారు, దూరం గుడి దగ్గర వాన అని లెక్క కడతారు. తివి వాళ్లకు ఆ గుడి కనబడితే కులామా వేళ అయిందని గుర్తు. విషపు చేదున్న అడవి దుంపను తవ్వి, ఆ విషం విరిగేలా వండి, ఒళ్లంతా కావిరంగులద్దుకుని, మూడు పగళ్లు మూడు రాత్రులు పాడతారు. ఏడాదిలో జరిగిన పుట్టుకలూ చావులూ తగువులూ అన్నీ ఆ పాటల్లోకి వస్తాయి. ఆ కాలంలోనే గ్రాండ్ ఫైనల్ కూడా వస్తుంది.

మామూలు రోజుల్లో ఈ దీవుల్లో దిగాలంటే అనుమతి పత్రం కావాలి, ఎందుకంటే నేల తివి వాళ్లది. గ్రాండ్ ఫైనల్ ఆదివారం మాత్రం పత్రం అడగరు. డార్విన్ నుంచి రెండున్నర గంటల ప్రయాణం చేసి పడవలు వస్తాయి, అరగంటలో చేరే చిన్న విమానాలు వరసగా దిగుతాయి. బాథర్స్ట్ దీవిలోని వురుమియాంగలో, పొద్దున చిత్రకారులు బొమ్మలు, చెక్కిన పక్షులు, అచ్చు వేసిన బట్టలు పరిచి అమ్ముతారు. మధ్యాహ్నానికి జనం మైదానం చుట్టూ కార్లు, ట్రక్కులు వరసగా నిలుపుతారు. గోల్ పడిందంటే అన్ని హారన్లూ ఒక్కసారిగా మోగుతాయి. ఉత్తరాన మేఘం నల్లబడుతుంది. కురిస్తే కురిసింది, ఆట ఆగదు.

సాయంత్రం చివరి పడవ వెళ్లాక మైదానంలో పిల్లలు మిగులుతారు. పెద్దవాళ్లు ఆడి చిత్తడి చేసిన చోటే వట్టి కాళ్లతో మొదలుపెడతారు. కొన్ని వారాల్లో ఆ నేల మళ్లీ గట్టిపడుతుంది. దక్షిణాన అప్పటికే చలికాలపు ఆటలు మొదలై ఉంటాయి. దీవుల నుంచి కొందరు కుర్రాళ్లు సంచీ భుజాన వేసుకుని ఆ చిన్న విమానం ఎక్కుతారు, అక్టోబరుకు వచ్చేస్తామని చెప్పి.

వచ్చే భాగంలో: టాస్మానియా పశ్చిమ కొండల్లో, పచ్చిక మొలవని గని ఊరు క్వీన్స్‌టౌన్, అక్కడి కంకర మైదానం.